జోగుళాంబ ఒక గడిలో, గద్వాల ఇంకో గడిలో

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే మన పిల్లలకు మన జిల్లాల పేర్లే మంచి అభ్యాసం. కమాండ్ లైన్‌లో జావా ప్రోగ్రామ్ పేరు పక్కన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అని కామాలు లేకుండా, మధ్యలో ఖాళీ వదిలి కొట్టండి. మూడూ ప్రోగ్రామ్‌కు అందే అర్రే అనే గడుల వరుసలో చేరతాయి. గద్వాల స్థానం 0, నాగర్‌కర్నూల్‌ది 2. సీ భాషలో అయితే 0 ప్రోగ్రామ్ పేరుకే పోతుంది, గద్వాల 1కి జరుగుతుంది.

అసలు పాఠం ‘జోగుళాంబ గద్వాల’ అని పూర్తి పేరు రాసినప్పుడే! మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి రెండు ముక్కలై, మూడు జిల్లాలు నాలుగవుతాయి. పేరుకు డబుల్ కోట్స్ పెడితే సరి.

ఈ జిల్లాలు ఏర్పడ్డ 2016ను ఇచ్చినా అది అక్షరాలుగానే అందుతుంది. లెక్క చేయాలంటే ముందు సంఖ్యగా మార్చాలి.

వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చదివి వదిలేయకండి, ఇవాళే టైప్ చేసి చూడండి.