‘రాదు’కూ ‘ఇంకా రాలేదు’కూ నడుమ

సకారాత్మక చింతన అన్న మాట ఈనాడు బాగా అరిగిపోయింది. తెల్లవారక ముందే ఫోనులో సూర్యోదయం బొమ్మా, కింద ఒక సూక్తీ ప్రత్యక్షమవుతాయి. "నీవు తలచుకుంటే సాధించలేనిది లేదు" అన్నది వాటి సారాంశం. చదివినప్పుడు బాగానే ఉంటుంది. పదింటికి అంగడి తలుపు తీసేసరికి దాని ప్రభావం ఆవిరైపోతుంది.

మా ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పెట్టింది పేరు. అక్కడ ఒక అంగట్లో నేను ఇరవై ఏళ్ళు చేతిరాతతోనే చిట్టా, ఆవర్జా రాశాను. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. బంగారం మీద పన్ను 3 శాతం అన్నది నోటిలెక్కే. కానీ బిల్లులూ రిటర్నులూ అన్నీ కంప్యూటరులోనే జరగాలి. యజమాని మెత్తగానే అన్నాడు: "నువ్వన్నా నేర్చుకోప్పా, లేదంటే తెలిసినోణ్ణి ఎవుర్నన్నా పెట్టుకోవాల్సొస్తాది." అప్పటికి నాకు నలభై మూడేళ్ళు, ఇద్దరు పిల్లల చదువులు. సూక్తులతో తీరే కష్టం కాదది.

జమ్మలమడుగులో ఉన్న మా అక్క కూతురు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుంది. పల్లెల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లల కోసం 2008లో మొదలైన ఆ విద్యాలయంలో లాప్‌టాప్ మీద పాఠం వినడం మొదటినుంచీ అలవాటు చేశారు. నా గోడంతా విని ఆ పిల్ల ఒకే మాట అంది: "రాదు అనగాకు మామా, ఇంకా రాలేదు అను." కరోల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 2006లో వెలువరించిన గ్రంథంలోని భావమూ ఇదేనని తరువాత తెలిసింది. తెలివి పుట్టుకతో గీసిన గీత కాదు, సాధనతో జరిగే గీత అని ఆమె వాదం.

అయితే అనుకుంటే చాలదు. గాబ్రియేల్ ఓటింగెన్ అనే జర్మన్ పరిశోధకురాలు, బరువు తగ్గదలచిన స్త్రీలను పరిశీలించి 1991లో ఒక విచిత్రం ప్రకటించారు. తగ్గినట్టే అందంగా ఊహించుకున్నవారు తక్కువ తగ్గారట! కలలోనే ఫలం తినేసిన మనసుకు చెట్టెక్కే ఓపిక ఉండదు కాబోలు. గమ్యంతో పాటు అడ్డంకినీ తలచుకోమని ఆమె సలహా. నా అడ్డంకులు రెండు: ఇంగ్లీషు, రాత్రి నిద్ర.

మొదటిదానికి తెలుగు వీడియోలు దొరికాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, మాబోటివాళ్ళకూ అవి అందాయి. రెండవదానికి ఒక నియమం పెట్టుకున్నాను: భోజనానికి ముందే అరగంట పాఠం, తరువాత ఫోను మూసేసి, చూడకుండా నాలుగు బిల్లులు నేనే రాయడం. ఇందులోనే కిటుకంతా ఉంది. పాఠాన్ని మళ్ళీమళ్ళీ చదివినవారికన్నా, మూసి గుర్తుచేసుకున్నవారికే వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉంటుందని 2006లో రోడిగర్, కార్పికీలు ప్రయోగంతో చూపారు. వింటున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. కీబోర్డు మీద చెయ్యి పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మూడు నెలలు పట్టింది. ఉద్యోగం నిలిచింది.

పులివెందుల వైపు చీనీ తోట ఉన్న మా బావమరిదిదీ ఇదే దారి. తెగుళ్ళ గురించి ఫోనులో వింటాడు. కానీ అందులో చెప్పిన మందు వ్యవసాయాధికారిని అడగందే కొట్టడు. ఉచితంగా దొరికిందల్లా నిజం కాదు కదా!

నమ్మదగినవీ లేకపోలేదు. ఐఐటీల వారి ఎన్‌పీటెల్ 2003 నుంచి ఉంది, 2017లో స్వయం వచ్చింది. పాఠాలు వినడం ఉచితం. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

ఇవేవీ లేని కాలంలోనే మా ఊళ్ళో పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) ఉండేవారు. ‘శివతాండవం’ ఇక్కడి అగస్త్యేశ్వరస్వామి గుడిలోనే రూపుదిద్దుకుంది. వారికి పద్నాలుగు భాషలు వచ్చునని ప్రతీతి. ఒక్కో భాషకు ఎన్ని పుస్తకాలు వెదికారో, ఎంతమందిని ఆశ్రయించారో! మనకు వెదికే శ్రమ తప్పింది. కూర్చునే శ్రమ మాత్రం తప్పలేదు.

మిత్రులారా, మీరు చాలాకాలంగా ‘నాకు రాదు’ అని పక్కన పెట్టినది ఏదైనా ఉందా? ఈ రాత్రికి అరగంట చాలు. ముందుగా ఫోనులో సూక్తులు పంపేవారి గంట మాత్రం మోగకుండా చేయండి.