పంట బాకీ, మిల్లు బాకీ

చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి చుట్టుపక్కల మోటారు వైండింగ్ షాపులకు పని ముమ్మరంగా ఉండేదీ, డబ్బు చేతికందనిదీ ఒకే కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మిరప తోటకు తడి తప్పకూడదు. వోల్టేజీ పడిపోయిందంటే సబ్‌మెర్సిబుల్ మోటార్లు కాలిపోతాయి. సరిగ్గా అప్పుడే రైతు చేతిలో డబ్బు ఆడదు. ఎరువులకూ పురుగుమందులకూ కూలీలకూ అయిపోయి ఉంటుంది. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరు మిర్చి యార్డుకు వేస్తేగాని మళ్లీ డబ్బు కళ్లజూడడు.

చిలకలూరిపేటలో అలాంటి షాపు నడిపే ఒకాయన ఖాతా పుస్తకంలో రెండు రకాల బాకీలుంటాయి. రైతులవి కొన్ని, పత్తి మిల్లులవి కొన్ని. ఆలస్యం రెండింట్లోనూ ఉంది. కానీ రైతు ఆలస్యానికి కారణం పంట, మిల్లు ఆలస్యానికి కారణం అలవాటు. వసూలు పద్ధతి కూడా రెండింటికీ వేరుగానే ఉండాలన్నది ఆయన నిర్ణయం. ఆ నిర్ణయం వెనక గట్టి లెక్కే ఉంది.

రాగి తీగ అమ్మే డీలరు ఆయనకు అరువివ్వడు. బయట 50,000 రూపాయలు నిలిచిపోతే, తీగ కోసం ఆ మేరకు అప్పు తేవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,000, ఆరు నెలలకు 6,000. అది ఆయన మజూరీలోంచే పోతుంది. అరువిచ్చిన షాపువాడే నిజానికి ఆ వడ్డీ కట్టుకుంటున్నాడన్నమాట. చిన్న షాపులు మూతపడుతున్నది గిరాకీ లేక మాత్రమే కాదు.

అందుకే ఆయన బిల్లును రెండు ముక్కలు చేశాడు. మోటారు రాగానే విప్పి, కాలిన చుట్లు కోసి బయటికి లాగుతాడు. ఆ పాత రాగిని రైతు కళ్లముందే తూకం వేసి, దాని విలువ బిల్లులో తగ్గిస్తాడు. కొత్త తీగ ఖర్చులో మిగిలింది అక్కడికక్కడే ఇవ్వాలి. మజూరీ మాత్రం పంట మీదికి ఆగుతుంది.

"కాయ అమ్మగానే మొదట నీదే ఇస్తా అబ్బాయ్" అంటాడు రైతు.

"మజూరీ అట్టాగే ఇద్దువులే బాబాయ్. తీగ డబ్బులు మటుకు ఇప్పుడు సర్దు. ఎన్నో కోతకు ఇస్తావో చెప్పు, రాసుకుంటా."

ఫలానా తారీఖు అనడం కంటే ఫలానా కోత అనడమే రైతుకు నిలబెట్టుకోదగిన మాట. పుస్తకంలో మోటారు ఎన్ని హెచ్‌పీలో, మొత్తం ఎంతో, ఎన్నో కోతకో రాసి కింద సంతకం తీసుకుంటాడు. ఆ సంతకం చాలా అవసరం. ఇలాంటి బాకీకి దావా వేసే గడువు మూడేళ్లే. ఆ మూడేళ్లు దాటకముందే కొంత చెల్లించి, ఆ సంగతి రాసి రైతు సంతకం పెడితే గడువు అప్పటినుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రోనోటు వెనక చెల్లు రాయించడం ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. షాపు ఖాతాలో కూడా అదే పని చేయించవచ్చన్నది చాలామందికి తట్టదు.

అన్నీ సరిగ్గా రాసుకున్నా కొన్నేళ్లు డబ్బు రాదు. 2021-22లో తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చిపెట్టేసింది. 2025 మొదట్లో ధర కూలిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ధర వస్తుందన్న ఆశతో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు కదలకపోతే వైండింగ్ షాపు బాకీ కూడా కదలదు. అలాంటప్పుడు కౌలు రైతు మీద వడ్డీ వెయ్యడం న్యాయం కాదు, దానివల్ల వచ్చేదీ లేదు. ఈయన చెల్లు రాయించుకుని మజూరీని వచ్చే పంటకు జరుపుతాడు. తీగ డబ్బు ముందే చేతికొచ్చింది కాబట్టే ఆ మాత్రం ఓర్పు పట్టగలుగుతున్నాడు.

మిల్లు దగ్గర మాత్రం ఈ ఓర్పు అక్కర్లేదు. అక్కడ సరుకు నెలనెలా అమ్ముడవుతూనే ఉంటుంది. అయినా అకౌంట్స్ గదిలో "సార్ ఊళ్లో లేరు", "చెక్కు మీద సంతకం కాలేదు" అనే మాటలే. చట్టం సాయానికొచ్చేది ఇక్కడే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులకు మించకూడదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సేవలందించే షాపులకూ ఇది వర్తిస్తుంది. ఇందుకు కావాల్సిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, పని ఒప్పుకునే ముందే చేయించుకోవడం మేలు.

మిల్లు అకౌంటెంట్లకు అంతకంటే బాగా అర్థమయ్యేది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్)గా వచ్చిన నిబంధన. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధన ప్రకారం, చిన్న సంస్థకు గడువు దాటి ఇచ్చిన డబ్బును నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చు కింద చూపుకోవాలి. మార్చి దాటిందంటే ఆ ఏడాది మిల్లుకు పన్ను భారం పెరుగుతుంది. అందుకని ఈయన బిల్లు మీద ఉద్యమ్ నంబరు ముద్రించి, ఫిబ్రవరిలో మిల్లుకు బాకీల జాబితాతో మర్యాదగా ఒక ఉత్తరం పంపుతాడు. గొడవపడే పని లేకుండానే చెక్కులు కదులుతున్నాయి. అప్పటికీ ఇవ్వకపోతే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. కానీ ఏటేటా పని ఇచ్చే మిల్లు మీద అంతదాకా వెళ్లడానికి ఏ షాపువాడైనా వెనకాడతాడు. అందులో తప్పేమీ లేదు.

గుంటూరు యార్డుకు మే నెలలో వేసవి సెలవులిస్తారు. ఏప్రిల్ నెలాఖరుకు రైతుల దగ్గర వసూలు కానిది మళ్లీ జూన్ దాకా కదలదు. అందుకే మిల్లుల నుంచి మార్చిలో వచ్చిన డబ్బులో ఒక భాగాన్ని ఈయన వేరే ఖాతాలో వేసి, జూన్ దాకా రాగి తీగ కొనడానికి తప్ప ఇంకే పనికీ తియ్యడు.