వియ్యంకుడికో గ్లాసు

డికాక్షన్ ఎంత చిక్కగా దిగాలో, పులిహోర పోపులో ఇంగువ ఎంత పడాలో మీకు నేను చెప్పాలా? కానీ ఈసారి నేను చెప్పబోయేది వింటే కొందరు మొహం చిట్లిస్తారు. విస్కీతో కలిపే మన్‌హట్టన్ అనే పానీయం అది. పేజీ తిప్పేయకండి, కాస్త వినండి.

మేముండేది న్యూజెర్సీలో. మా పెద్దమ్మాయి అమెరికా అబ్బాయిని చేసుకుంది. వియ్యంకుడుగారు మంచి మనిషి, గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకుంటారు. ఆయనకు రాత్రి భోజనానికి ముందు ఒక్క మన్‌హట్టన్ అలవాటు. మా ఇంటికొస్తే మాత్రం ఆ ఊసెత్తరు. ఎత్తనందుకే నాకు మనసు పీకింది. భోజనమయ్యాక ఆకూ వక్కా అందించని ఇల్లు మన పెద్దవాళ్లకు ఎలా ఉండేదో, మా ఇల్లు ఆయనకు అలా ఉందేమో!

అయితే నేను నెల్లూరు జిల్లా పిల్లని. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు కదా, ఆ గాలి మా ఊరికీ తగిలింది. చీపుర్లు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. 1993లో రాష్ట్రమంతటా సారా ఆగేదాకా వాళ్లు ఊరుకోలేదు. అలాంటి మనిషికి ఫోన్లో ఈ సంగతి చెబితే, "ఏమ్మే, ఇంట్లోకి సీసా తెచ్చినావా?" అంది. అంతే, పెట్టేసింది.

కలపడం మా అల్లుడే చూపించాడు. రై విస్కీ 60 మిల్లీలీటర్లు, తియ్యటి వెర్మూత్ 30, అంగోస్తురా బిట్టర్స్ సీసాని రెండుసార్లు విదిలిస్తే పడేంత. రై అంటే గోధుమకి దగ్గరి ధాన్యం. అమెరికాలో తయారయ్యే రై విస్కీలో అది కనీసం 51 శాతం ఉండాలి. మొక్కజొన్నతో చేసే బర్బన్ వాడితే తియ్యగా ఉంటుంది, దీంట్లో కాస్త మిరియపు ఘాటు. వెర్మూత్ అంటే మూలికలు ఊరబెట్టిన ద్రాక్ష వైన్. దానికా పేరు తెచ్చిన చేదు మొక్క ఏమిటనుకున్నారు? వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి దగ్గర చుట్టం!

అసలు పనితనమంతా కలపడంలో ఉందండీ. గాజు జాడీలో పెద్ద పెద్ద ఐసు ముక్కలు వేసి, ఇవన్నీ పోసి, పొడుగు చెంచాతో అరనిమిషం తిప్పాలి. చెంచా వీపు జాడీ గోడని రాసుకుంటూ తిరగాలి, ఐసు చప్పుడు చెయ్యకూడదు. మజ్జిగలా చిలికారో, గాలి బుడగలు చేరి మసకేస్తుంది. నిమ్మరసం, గుడ్డు పడే పానీయాలనైతే గిలక్కొట్టొచ్చు, దీన్ని కాదు. ఐసు కరిగిన నీళ్లు కూడా కొలతలోవే. సన్న ముక్కలు వేస్తే మాత్రం అంతా నీళ్లపాలు. ముందే ఫ్రిజ్‌లో చల్లబరిచిన కాడ గ్లాసులోకి వడకట్టి, చెర్రీ ఒకటి వేస్తే అయిపోయింది.

చూడ్డానికి చిన్న గ్లాసే. కానీ అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు. ఈ గ్లాసులో ఉన్నది దానికి రెండింతలకు కాస్త తక్కువ. అందుకని నా చేత్తో రెండోది కలపను. తిరుగు ప్రయాణంలో కారు వియ్యపురాలే నడుపుతుంది. సారా వేరు, ఇది వేరు అంటాడు అల్లుడు. కూలి డబ్బులన్నీ కొట్టుకి పోయి పిల్లలు పస్తులుండడం ఇక్కడ లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కాలేయానికి మాత్రం సారా ఏదో రై ఏదో తేడా తెలీదు. ఒక గ్లాసుతో ఆగలేని మనిషి మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఇదంతా నేను చెప్పలేదనుకోండి. మొహమాటానికి కూడా సీసా గుమ్మం దాటనివ్వకండి.

మొదటిసారి గ్లాసు అందిస్తే వియ్యంకుడుగారు నా వంక, గ్లాసు వంక మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లిగా, గంటసేపు తాగారు. ఆ గంటలో వాళ్ల నాన్న గురించి చెప్పారు. ఆయన తాగుడుకే పోయారట. అందుకే ఈయనకి రోజుకొకటే. నాలుగేళ్ల వియ్యంలో ఆ సంగతి మాకెవరికీ తెలీదు, మా అమ్మాయికి కూడా.

వెర్మూత్ మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఒకటి రెండు నెలల్లో రుచి పోతుంది. మా ఇంట్లో అది పెరుగు గిన్నె వెనకాల ఉంటుంది. వేసవికి అమ్మ వస్తోంది. వచ్చేలోగా తీసి దాచెయ్యమంటారు మావారు. దాచనని చెప్పాను.