మూడు జిరాక్సులు, ఒకటే పెట్టె

పోయిన సెలవుల్లో అందరూ ఊర్లకు పోతే నేను కడపలోనే, మా కాలేజీ సర్వర్ రూమ్‌లో ఉండిపోయాను. ఏసీ కోసం కాదు. సరే, కొంచెం దానికోసం కూడా. అక్కడికి కొత్తగా ఒక డేటా డొమైన్ వచ్చింది. బ్యాకప్‌లు దాచే డీడూప్లికేషన్ స్టోరేజ్. "నువ్వే కాన్ఫిగర్ చెయ్, నేను చూస్తుంటా" అన్నాడు సిస్టమ్ అడ్మిన్ అన్న.

వచ్చిన డేటాను అది కొన్ని కేబీల ముక్కలుగా కోస్తుంది. ప్రతి ముక్కకూ హ్యాష్ లెక్కగడుతుంది, వేలిముద్ర లాగా. ఆ వేలిముద్ర ముందే ఉంటే ముక్కను మళ్ళీ రాయదు, పాతది ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది, అంతే. మా ల్యాబ్‌లో 40 వర్చువల్ మెషీన్లు, అన్నింట్లో అదే లినక్స్. దాన్ని 40 సార్లు దాచడం ఎందుకు? ఇక్కడ అసలు, నకలు అనే తేడానే లేదు.

వీమ్‌లో రిపాజిటరీ యాడ్ చేసి, జాబ్ పెట్టి హాస్టల్‌కు పోయాను. వారం తర్వాత చూస్తే రేషియో 1.3. అంటే 13 టీబీ ఇస్తే 10 టీబీ తినేసింది. పెట్టెలోనే ఏదో లోపముందని అన్నతో వాదించాను కూడా. తప్పు నాదే. సేఫ్ కదా అని జాబ్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశాను, కంప్రెషన్ కూడా ఉంచాను. ఎన్‌క్రిప్ట్ చేస్తే అదే ఫైలు రోజూ కొత్త వేషంలో వస్తుంది, పెట్టె ఎట్లా గుర్తుపడుతుంది? జాబ్‌లో అది తీసేసి, ఎన్‌క్రిప్షన్ పెట్టె లోపల జరిగేలా మార్చాం. డీకంప్రెస్ చేసి రాయమనే టిక్ పెట్టాం. పాత బ్యాకప్‌లు డిలీట్ చేసినా స్థలం వెంటనే రాలేదు, క్లీనింగ్ నడిచాకే వచ్చింది. నెల తిరిగేసరికి రేషియో 9.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి గొప్పలు చెప్పాను.

"40 కాపీలుంటే ఒకటే దాస్తుంది నాయనా."

"ఆ ఒక్కటి యాడ పెట్టినారు?"

"సర్వర్ రూమ్‌లో."

"మిగతా సర్వర్లో?"

"అవీ ఆడనే."

"ఏ అంతస్తురా?"

"కింద."

ఇంకేం మాట్లాడలేదు ఆయన.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు నాకు నాలుగేళ్ళు. కరువు సీమలో వరదేందని మీరనుకోవచ్చు, మా వీధివాళ్ళు కూడా అట్లే అనుకున్నారు. అవ్వ నన్ను ఎత్తుకుని మిద్దె ఎక్కడం మాత్రం గుర్తుంది. నాయన జాగ్రత్త మనిషి. డిగ్రీ మెమోలకు, ఇంటి దస్తావేజుకు మూడేసి జిరాక్సులు తీయించి పెట్టుకున్నాడు. అసలూ, మూడు జిరాక్సులూ ఒకే ఇనప్పెట్టెలో, మంచం కింద. నీళ్ళు దిగినాక తెరిస్తే అన్నీ కలిసి ఒకటే ముద్ద. డూప్లికేట్ మెమోలు చేతికొచ్చేలోపు ఒక ఇంటర్వ్యూ పోయింది. ఆ ఉద్యోగం గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

మర్నాడు అన్నను రెప్లికేషన్ గురించి అడిగాను. రెండో పెట్టెకు డబ్బుల్లేవు. కనీసం మార్కుల డేటాబేస్, ఫీజు రికార్డులు వారానికోసారి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, వేరే బ్లాకులో రెండో అంతస్తు బీరువాలో పెడుతున్నాం. అందులో డీడూప్ లేదు, స్థలం తింటుంది. తిననీ.

మొన్న ఆ డిస్క్ నుంచి రీస్టోర్ చేసి చూశాం. టెస్టుకు నా రికార్డే తెరిచాడు అన్న. ఎం-టూలో వచ్చిన 41 అట్లే ఉంది.