చీపురు లేని ఫొటో

మా నాయనమ్మకు ఫొటో అంటే ఆధార్ కార్డులో ఉన్నదొక్కటే. చనిపోయినంక పటం కట్టిద్దామని ఆ కార్డు పట్టుకొని ఒక స్టూడియోకు పోయిన. ఆయన మనం అడగకముందే రంగు తేల్చి, తెల్లగా చేసి ఇచ్చిండు. మా అమ్మ చూసి "ఈమె ఎవలు బిడ్డా?" అన్నది. ఆ పటం ఇప్పటికీ మా గోడకున్నది. అందులో నాయనమ్మ లేదు.

ఆ కోపంతోనే పార్ట్‌టైమ్ లెక్చరర్ జీతంల నుంచి సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్న.

పొద్దున ఆరింటికి హైటెక్ సిటీ చూసిన్రా? మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర షేర్ ఆటోలు ఆగుతయి. హౌస్‌కీపింగ్ అక్కలు దిగుతరు. అద్దాల మేడల్లోకి ఐడీ కార్డుల వాళ్లు వచ్చేసరికి నేల మెరవాలె. ఒకరోజు అట్లా ఊడుస్తున్న అక్కను దూరం నుంచి, ఆమెకు తెల్వకుండ ఫొటో తీసిన. కింద చెమట గురించి నాలుగు లైన్ల కవిత్వం రాసి పెట్టిన. లైకులు మస్తు వచ్చినయి.

మరునాడు క్లాసులో ఒక విద్యార్థిని లేచి అడిగింది. వాళ్లమ్మ కూడా మాదాపూర్‌లో అదే పని చేస్తది.

"సార్, ఆమె పేరేంది?"

నా దగ్గర జవాబు లేదు. సాహిత్యం మనల్ని ఎట్లా చూసిందో చదివి పీహెచ్‌డీ తెచ్చుకున్నోణ్ణి. కెమెరా చేతికి రాంగనే నేనూ అట్లనే చూసిన.

ఈ చూపు పాతదే. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని 8 సంపుటాలు వేసింది. అందులో చాలా ఫొటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరో తెగ పేరో ఉంటది. మన హైదరాబాద్‌లోనే ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచిండు. అక్కడ ఫొటోలు తీసేది కూడా ఒక మహిళే. అంటే ఎదుట కూర్చున్న మనిషి మర్యాద ఎట్లా కాపాడాల్నో కెమెరాకు అప్పుడే తెలుసు. ఎవరి మర్యాద అన్నదే మన ప్రశ్న.

వారం తర్వాత అదే జంక్షన్‌కు పోయి, ఆ అక్కను వెతికి తప్పు ఒప్పుకున్న. పోస్టు తీసేసిన. "అక్కా, నువ్వు సరేనంటే మళ్లా తీస్త" అన్న. ఆమె నవ్వింది.

"చీపురు రోజూ పడ్తనే ఉన్న సారూ. ఫొటోల గూడ పట్టాల్నా?"

ఆదివారం పట్టుచీర కట్టుకొని దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరికి వచ్చింది. నిటారుగా నిలబడి సూటిగా కెమెరాలోకి చూసింది. నాకు మా వాడలో ప్రతి ఇంట్ల ఉండే బాబాసాహెబ్ పటం యాదికొచ్చింది. నీలం సూటు, టై, కండ్లద్దాలు. ఆయన పడ్డ అవమానాలు మనకు తెల్వవా? తెలిసీ ఆ సూటు పటాన్నే గోడకు పెట్టుకున్నం. ఎట్లా కనపడాల్నో మనమే తేల్చుకున్నం.

కష్టాన్ని ఫొటో తీయొద్దని కాదు. మధురై ఎం. పళనికుమార్ చేపలమ్మే తల్లి కొడుకు. చేతులతో మలం ఎత్తే పని మీద 2017లో వచ్చిన 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా పట్టిండు. తర్వాత సఫాయి కార్మికుల పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పిండు. ఆయన కష్టజీవుల బతుకును దూరం నుంచి చూడలేదు, అందులోనే పెరిగిండు.

ఆ అక్క ఫొటోను నేను ఎక్కడా పెట్టలేదు, పెట్టను. ప్రింటు తీయించి ఆమె చేతికిచ్చిన. చూసి, "నా రంగు నాకే ఉంచినవ్" అన్నది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మను అడగండి, ఎట్లా తీయాల్నో. ఆమె చెప్పినట్టే తీయండి. వెనక పేరు రాసి ప్రింటు ఇయ్యండి. ఆధార్ కార్డు దాకా తెచ్చుకోకండి.

జై భీమ్.