విరిగిన అంచు కాదది

మొన్న సెలవుల్లో మా తమ్ముడు దుబాయి నుంచి వస్తూ కొడుక్కి ఒక కారు తెచ్చాడు. తాళం తిప్పితే పరుగెత్తే బొమ్మ కాదు. పెట్టె నిండా ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని చిన్న చిన్న భాగాలు. వాటిని తెంపి, అతికించి, రంగులు వేసి అసలు కారులో 24వ వంతు కారును మనమే తయారుచేసుకోవాలి.

రెండో రోజుకే ఇంట్లో ఏడుపు. ముందు బంపర్‌కి ఒక మూల లేదు. కారు అడుగుభాగం ఎండకు వంగిన అప్పడంలా ఉంది. “నువ్వే గుంజి ఇరగ్గొట్టినవ్” అంటూ తమ్ముడు వాడి మీద చెయ్యెత్తాడు.

అమ్మ బంపర్ చేతిలోకి తీసుకుంది. కళ్ళతో చూడలేదు. బొటనవేలితో అంచు వెంట రాసింది. “పోరడు ఇరగ్గొట్టలే. ఇరిగితే గరుకు తగుల్తది. ఇది నున్నగున్నది. గట్లనే వొచ్చింది” అంది.

తరవాత చదివి తెలుసుకున్నాను, అమ్మ చెప్పిందే నిజం. పాలిస్టైరీన్‌ని కరిగించి ఒత్తిడితో లోహపు అచ్చులోకి తోస్తారు. అది మూలదాకా చేరకముందే చల్లబడినా, లోపల గాలి చిక్కుకున్నా అక్కడ భాగం ఏర్పడదు. అంచు మైనం కరిగి ఆగినట్టు గుండ్రంగా మిగులుతుంది. సరిగ్గా చల్లారకముందే అచ్చులోంచి తీస్తే వస్తువు వంగుతుంది. మందంగా ఉన్నచోట లోపలి భాగం ఆలస్యంగా చల్లారి, పైన గుంట పడుతుంది. ఇవన్నీ ఫ్యాక్టరీలోనే జరిగిపోయిన తప్పులు.

అమ్మ వేలికి ఈ సంగతి ఎట్లా తెలిసింది? ముప్పయ్యేళ్ళకు పైగా బీడీలు చుట్టిన వేలు అది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు భూమి ఉన్నవాళ్ళకి వరి పండించాయి. బాన్సువాడలో మాలాంటి ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఒళ్ళోకి చాట వచ్చింది. తునికాకు కార్ఖానా వాళ్ళే తూకమేసి ఇచ్చేవాళ్ళు. అందులో చిల్లులు పడ్డది, ఎండి పొడిపొడి అయ్యేది ఎంతుంటే అంత మా నష్టమే. వెయ్యి బీడీలు నిండకపోతే ఆకు కొని కలపాలి. చివరికి కట్టలు విప్పి ఏరేటప్పుడు, “చుట్టుడు రాలే” అని కొన్ని పక్కకు తోసేవాడు. వాటికి కూలి ఇవ్వడు, వాటిని తిరిగీ ఇవ్వడు. ఆకులో ఉన్న చిల్లు ఏది, చేతి తప్పు ఏది అన్నది అమ్మ వేలికి తెలుసు. ఆ వేలు మాట వినేవాళ్ళే లేరు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో సరుకు ఇవ్వడం మీద, తీసేసిన బీడీల మీద తగాదా వస్తే తేల్చడానికి ఒక అధికారి ఉండాలని రాసి ఉండేది. ఆ సంగతి నేను కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో చదివాను. మా వాడకట్టులో ఏ ఒక్క ఆడమనిషీ ఆ అధికారి ముఖం చూసినట్టు వినలేదు.

కారు పెట్టె వెనక్కి పంపే దారి లేదు. బాగుచేద్దామని కూచున్నాను. ఈ విద్య గురించి రాసినవాళ్ళు చాలామంది తమకో గది, ఓ బల్ల, మంచి దీపం ఉన్నట్టే రాస్తారు. నాకున్నది వంటింటి గట్టు, అదీ అన్నం వార్చాక. వంగిన అడుగుభాగాన్ని వేడి నీళ్ళల్లో ముంచి, మెత్తబడ్డాక గాజుపలక మీద పెట్టి, బరువెత్తి చల్లార్చాలి. మొదటిసారి నీళ్ళు మరీ వేడైపోయి ఇంకోవైపు వంగింది. రెండోసారి కుదిరింది. లేని మూలకి చట్రం ముక్కల్నే ద్రావకంలో కరిగించి ముద్దలా పెట్టమన్నారు. ఆ ద్రావకం ఇక్కడ దొరకలేదు. వెనక టేపు అంటించి, వంటసోడా చల్లి, దానిమీద ఫెవిక్విక్ చుక్కలు వేశాను. క్షణంలో రాయి అయిపోయింది.

“ఒక్కసారే కుప్ప పొయ్యకు. పల్చగ, పల్చగ” అంది అమ్మ. పాత గంపలకు నానిన కాగితం, మెంతులు కలిపి రుబ్బి అలికేటప్పుడు అట్లాగే పూసేది. ఆమె మాట విన్నాను. నీళ్ళు తడుపుతూ ముందు 400 నంబరు, తరవాత 1000 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాను. రుద్దడం సగంలోనే అమ్మ లాక్కుంది. ఆ పని ఆమెకు ఇష్టంగా ఉందని చూస్తే తెలిసింది. నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. అవే వేళ్ళు, అదే నేర్పు. నేను చేస్తే దానికి హాబీ అని పేరు. ఆమె ముప్పయ్యేళ్ళు చేసినదానికి, ఏరి పారేయగా మిగిలిన లెక్క.

తమ్ముడు కొడుక్కి సారీ చెప్పలేదు. బంపర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, “అతుకు కనిపిస్తలేదే” అన్నాడు, అంతే. వాడు మాత్రం, “నేను ఇరగ్గొట్టలేదని నానమ్మ చెప్పింది గదా” అని వాళ్ళ నాన్నకి రోజుకు రెండుసార్లు గుర్తుచేస్తున్నాడు.

నిన్న రంగు వేద్దామని డబ్బా మూత తీశాను. అమ్మ కారు తలుపు మీద బొటనవేలు రాసి ఆగింది. “ఇగో, ఈడ గుంట ఉన్నది. సోడా డబ్బా తే” అంది.