భోషాణం మూతకు కీలు: కనబడాలా, దాగాలా?

మా ఇంట్లో కొత్త భోషాణం చేయించుకున్నాం. అదేం పెద్ద వార్త కాదు. కానీ దాని మూతకు ఏ కీలు పెట్టాలన్న ఒక్క మాట మీద రెండు నెలలు ఇంటిల్లిపాదీ వాదించుకున్నాం. ఆ వాదనలో తేలిన సంగతులు, మీలో ఎవరైనా పెట్టె చేయించుకోవాలనుకుంటే పనికొస్తాయని ఇక్కడ రాసిపెడుతున్నాం.

మాది అదియమాన్‌కోట్టై. సేలం నుంచి బెంగళూరు పోయే దారిలో, ధర్మపురి ఇంకా రాకముందే తగిలే ఊరు. కాలభైరవుడి గుడి పేరు చెబితే చాలామందికి గుర్తొస్తుంది. బహుళాష్టమి నాడు బూడిదగుమ్మడికాయ దీపాలు పెట్టేవాళ్ళతో ఊరంతా కిటకిటలాడుతుంది. ఎన్నో తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, పిల్లల బళ్ళో అరవమూ ఇంగ్లీషూ. మా పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. ఈ మాట ఎందుకు చెబుతున్నామో ముందు ముందు తెలుస్తుంది.

పాత భోషాణానికి అడుగున చెదలు పట్టింది. అందులో ఉన్నవి పట్టుచీరలూ వెండిగిన్నెలూ కావు. ముత్తాత చేతిరాతలో లెక్కల పుస్తకాలు, పొలం కాగితాలు, పెళ్ళి పత్రికలు, ఏ ఊరినుంచి ఎవరు వచ్చారో రాసుకున్న రెండు నోటుపుస్తకాలు. అదృష్టం కొద్దీ చెద పైకి ఎక్కకముందే కంటబడింది. పాత ఇల్లు విప్పినప్పుడు దాచిపెట్టిన టేకు తలుపులు రెండున్నాయి. వాటి పలకలతోనే కొత్తది చేయిద్దామని ఆచారిని పిలిపించాం. చిత్రిక పట్టాక పలక మందం రెండున్నర సెంటీమీటర్లు మిగిలింది. పొడవు 110 సెంటీమీటర్లు, వెడల్పు 50 అని కొలతలు తేల్చుకున్నాం. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

పేచీ కీలు దగ్గర మొదలైంది. (నెల్లూరు వైపు చుట్టాలు బందులంటారు. మేము కీలు అనే అంటాం. అరవంలోనూ అదే మాట కాబట్టి అంగట్లో ఇబ్బంది లేదు.) బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దోడు, బయటికి ఇనుమూ ఇత్తడీ ఏమీ కనబడకూడదు, చెక్క ఒక్కటే కనబడాలి అన్నాడు. కోడలిదీ అదే మాట. అవ్వ ఒప్పుకోలేదు. "కనబడే కీలు వదులైతే చూస్తానే తెలుస్తాది. కనబడనిది చెడితే ఎప్పుడు తెలుస్తాదిరా? మూత చేతిమీద పడినాకనా?" అంది. ఇంట్లో నాలుగేళ్ళది ఒకటి, ఆరేళ్ళవాడు ఒకడు ఉన్నారు. అవ్వ మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోలేకపోయాం.

సరే, దాగే కీళ్ళలో ఎన్ని రకాలున్నాయో ఒక్కొక్కటే చూశాం.

మొదటిది వంటింటి అలమరాలకు పెట్టే కప్పు కీలు. తలుపు లోపలివైపు 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట తవ్వి అందులో కూర్చోబెడతారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, స్క్రూ తిప్పి సర్దుకోవచ్చు. అయితే అది నిలువుగా వేలాడే తలుపు కోసం పుట్టింది. లోపలి స్ప్రింగు తలుపును చివర్లో తనంతట తానే మూసేస్తుంది. అలమరాకు అది సుగుణం. పడుకున్న మూతకు పెడితే అదే ప్రమాదం. మూత బరువుకు స్ప్రింగు బలమూ తోడై చప్పున పడుతుంది. పక్కన పెట్టేశాం.

రెండోది సాస్ కీలు అని పిలిచేది. మూత వెనక అంచులోనూ పెట్టె వెనక పలక అంచులోనూ గుంటలు తవ్వి రెండు భాగాలను దించుతారు. మధ్యలో చిన్న చిన్న లింకులు మడుచుకుంటాయి. మూత వేస్తే లోపలినుంచి కూడా కనబడదు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ రెండు గుంటలూ ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. తర్వాత సర్దుకోవడానికి వీలు తక్కువ. పైగా పాతికేళ్ళ తర్వాత అది పాడైతే అదే కొలతది మళ్ళీ దొరుకుతుందా? దొరక్కపోతే ముత్తాత తలుపు పలకను ఇంకోసారి తవ్వాలి. దానికి మాకెవరికీ మనసు ఒప్పలేదు.

మూడోది పియానో కీలు. మూత పొడవునా ఒకే పట్టీ. బరువు అన్ని స్క్రూల మీదా సమంగా పడుతుంది. ఒకటి వదులైనా మిగతావి పట్టుకుంటాయి. వెనక సన్నటి గీత ఒకటి మాత్రమే కనబడుతుంది. అవ్వ దీనికి సగం ఒప్పుకుంది. పెద్దోడు ఆ గీతకే ఒప్పుకోలేదు.

అప్పుడు ఆచారి చెప్పిన మాట మమ్మల్నందరినీ ఆపింది. ఆయన ఆ తలుపు పలకలను తిప్పి చూపించి, "ఈ తలుపుకు కీలు ఎక్కడుండాది చెప్పండి" అన్నాడు. నిజమే, లేదు. పలక చెక్కలోంచే పైన ఒక బొడిపె, కింద ఒక బొడిపె చెక్కి ఉన్నాయి. పైది ద్వారబంధం రంధ్రంలో, కిందది రాతి గుంటలో తిరిగేవి. ఇక్కడ అరవంలో దాన్ని కుడుమి అంటారు, పిలక అని అర్థం. అంత బరువు తలుపు ఒక్క ఇనుప ముక్క లేకుండా తిరిగింది. దాగిన కీలు మనకేమీ కొత్తది కాదన్నమాట. బయటికి కనబడదు, అయినా అది ఎట్లా తిరుగుతుందో ఊళ్ళో ప్రతి వడ్రంగికీ తెలుసు. అరిగితే బాగుచేయడమూ తెలుసు. కనబడటం, దాగటం కాదు అసలు సంగతి. విప్పగలమా లేదా అన్నదే సంగతి. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. మా వాదనకు కీలు అక్కడుంది.

ఆ పద్ధతినే మూతకు పడుకోబెట్టాం. మూత రెండు పక్క పలకల మధ్య కూర్చుంటుంది. వెనక అంచుకు దగ్గరగా, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి, 8 మిల్లీమీటర్ల ఇత్తడి చీలలు పక్క పలకల్లోంచి మూత చివరల్లోకి దూరతాయి. మూత వాటి మీద తిరుగుతుంది. చెక్కకు చెక్క అరగకుండా రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్క దించాం. మూత వెనక అంచును అర్ధచంద్రంగా చిత్రిక పట్టాలి, లేకపోతే తిరిగేటప్పుడు మూల తట్టుకుంటుంది. చీల సరిగ్గా ఆ అర్ధచంద్రానికి కేంద్రంలో ఉండాలి. మా పలక మందం 25 మిల్లీమీటర్లు కాబట్టి వెనక అంచునుంచీ పన్నెండున్నర, పైనుంచీ పన్నెండున్నర.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. చెక్క గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. కానీ ఆ మార్పంతా వెడల్పులోనే. నారవాటు పొడవులో లెక్కచేయనక్కరలేనంత తక్కువ. మా వైపు ఏప్రిల్, మే నెలల ఎండకూ అక్టోబరు, నవంబరు వానలకూ మధ్య అర మీటరు వెడల్పు టేకు పలక రెండు మూడు మిల్లీమీటర్లు కదలొచ్చు. చీలలు పొడవు చివరల్లో ఉన్నాయి కాబట్టి ఏ కాలంలోనూ బిగుసుకోవు. పక్కల్లో రెండేసి మిల్లీమీటర్ల సందు వదిలితే చాలు. పిల్లల వేళ్ళు దూరేంత సందు కాదది.

ఇక మిగిలింది అవ్వ భయం, మూత పడటం. దీనికి లెక్క వేశాం. టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. మా కొలతల మూత తొమ్మిది కిలోలకు దగ్గర. ముందు అంచు పట్టి ఎత్తేవాళ్ళ చేతికి అందులో సగం, నాలుగున్నర కిలోలు తగులుతుంది. ఆరేళ్ళవాడు ఎత్తగలడేమో గానీ, జారితే ఆపలేడు. మూతను మధ్యలో నిలిపే పట్టీ పెట్టాలంటే 22 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలాన్ని మోసేది కావాలి. గ్యాస్ పట్టీలు పెట్టొచ్చు గానీ ఏళ్ళు గడిస్తే వాటిలో ఒత్తిడి తగ్గుతుంది. బాగుచేయడానికి ఉండదు, మార్చడమే.

అవ్వ అంతా విని, "పాత పెట్టెకు పైనంతా మూత ఉండిందా? ముందర సగమే కదా తెరుచుకునేది" అంది. అవును. పాత భోషాణం పైన వెనక భాగం కదలని పలక. ముందు భాగమే మూత. దానిమీద పరుపేసుకుని పడుకున్నవాళ్ళం, మేమే ఆ సంగతి పట్టించుకోలేదు. వెనక 20 సెంటీమీటర్లు బిగించేసి, ముందు 30 మాత్రం మూతగా ఉంచితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. బరువు తొమ్మిది నుంచి అయిదున్నర కిలోల లోపుకు దిగుతుంది. చేతికి తగిలేది రెండు కిలోల ఏడువందల గ్రాములు. తిప్పుడు బలం 22 నుంచి 8కి పడిపోతుంది. వెడల్పు తగ్గినప్పుడు బరువూ తగ్గుతుంది, ఆ బరువు లాగే దూరమూ తగ్గుతుంది. అందుకే అంత తేడా.

ఇంకా ఉంది. మూతకూ వెనక పలకకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదిలాం. మూత నిటారుగా లేచి, ఇంకో పది డిగ్రీల పైచిలుకు వెనక్కి వాలి, ఆ పలక అంచుకు ఆనుకుని నిలబడుతుంది. చెక్క నలగకుండా అక్కడ తోలు ముక్క అంటించాం. మధ్యలో వదిలేసినా పడకుండా లోపల ఒకవైపు రాపిడి పట్టీ ఒకటి బిగించాం, అందరికీ కనబడేట్టే. అమెరికాలో బొమ్మల పెట్టెలకు ఒక నియమం ఉంది: మూతను మధ్యలో ఎక్కడ వదిలినా 12 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. మేమూ దాన్నే గురిగా పెట్టుకుని పట్టీ బిగింపు సర్దాం. అదియమాను ఔవయ్యార్‌కు ఉసిరికాయ ఇచ్చిన కథ పుట్టిన నేల ఇది. ఈ ఊళ్ళో అవ్వలకు ఎదురు చెప్పకూడదని పెద్దోడే నవ్వి ఒప్పుకున్నాడు.

తాళం మాత్రం పెట్టలేదు. దీనికి కారణం కూడా చెప్పాలి, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మన బంధువులకు. అక్కడ లేన్ అనే సంస్థ 1912 నుంచి 1987 దాకా చేసిన సెడార్ పెట్టెలకు మూత వేయగానే తనంతట తాను పడే తాళం ఉండేది. ఆటల్లో లోపల దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. 1996లో ఒక కోటి ఇరవై లక్షల పెట్టెల తాళాలు మార్చుకోమని ప్రకటించారు. పాత సామాన్ల అంగట్లో అలాంటిది కొని ఉంటే తాళం ముందు చూసుకోండి. మా పెట్టె ముందు పలక పై అంచులో నాలుగు వేళ్ళు పట్టేంత నొక్కు తీయించాం. మూత ఎత్తడానికి అదే పట్టు, లోపలికి గాలి పోవడానికి అదే దారి. కర్పూరం బిళ్ళలూ ఎండిన వేపాకూ గుడ్డలో కట్టి వేశాం.

చీలలను జిగురుతో అంటించలేదు. బయటి చివర మర కొట్టించాం. చిన్న బోల్టు బిగించి లాగితే చేతికొస్తాయి. వాటిమీద టేకు బిళ్ళలు నొక్కి పెట్టాం, అవీ జిగురు లేకుండానే. దూరంనుంచి చూస్తే చెక్కలో కన్నులాగా ఉంటాయి. కోడలు కోరిన నునుపు వచ్చింది, అవ్వ కోరిన మరమ్మతూ కుదిరింది.

ఒక్క చిక్కు మిగిలింది. మేము పోయాక ఆ బిళ్ళ కింద చీల ఉందని ఎవరికి తెలుస్తుంది? మూత లోపలివైపు రాసిపెడదాం అన్నాం. తెలుగులో రాయాలని ఒకరు, పిల్లలకు రాదు కదా అని ఇంకొకరు. ఆఖరికి రెండు వరసలు రాయించాం. పై వరస తెలుగులో: "బిళ్ళ తీసి చీల లాగితే మూత వస్తుంది." కింది వరస అదే తెలుగు మాట, అరవ అక్షరాల్లో. మూత లేచిన ప్రతిసారీ రెండూ ఎదురుగా కనబడతాయి. ఆరేళ్ళవాడు కింది వరస చదివి, పై వరసలో ఏ అక్షరం ఏదో వేలు పెట్టి పోల్చుకుంటున్నాడు. "ల" దొరికింది, "మ" దొరికింది. నోటుపుస్తకాలు వాడి చేతికి ఇంకా ఇవ్వలేదు. మూత మాత్రం వాడే ఎత్తుకుంటున్నాడు.